లేనివాటి పుస్తకం

(శాఖా గ్రంథాలయం ఆవరణలో జరిగిన సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఆహ్వానపత్రం మీద నా ఉపన్యాసాంశం ‘డిజిటల్ యుగంలో పౌర గ్రంథాలయాలు’ అని అచ్చయింది. అది పెట్టింది నేను కాదు. యుగాల మీద మాట్లాడేంత చదువు నాకు లేదని ఫోన్లోనే మనవి చేసుకున్నాను. మాస్టారి బల్ల సొరుగులో ఒక నోటుబుక్కు ఉండేది, దాని మీదైతే మాట్లాడతానన్నాను. “ఏదో ఒకటి లెండి, భోజనాల వేళ దాటకుండా చూడండి” అన్నారు కార్యదర్శిగారు. చూస్తాను.

మాస్టారు అనే అంటాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ శాఖలో పనిచేసిన ఆయన్ని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. బళ్లో ఒక్క పాఠం చెప్పకుండానే మాస్టారైన మనిషి.

నోటుబుక్కు సంగతి. వచ్చిన పుస్తకాలకు యాక్సెషన్ రిజిస్టరు, ఇచ్చినవాటికి ఇష్యూ రిజిస్టరు, పేపర్లు చదవడానికి వచ్చేవాళ్ల సంతకాలకు ఇంకో రిజిస్టరు. ఇవన్నీ పైఆఫీసు అడిగేవి. ఎవరూ అడగని రిజిస్టరు ఒకటి ఆయన సొంత డబ్బుతో కొనుక్కుని పెట్టుకున్నారు. అట్ట మీద ‘లేనివి’ అని రాసి ఉండేది. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగి, దొరక్క ఉత్తచేతులతో తిరిగి వెళ్తుంటే, వాళ్లు గుమ్మం దాటకముందే అది అందులోకి ఎక్కేది. తేదీ, అడిగినది, అడిగినవారు. ఎప్పటికైనా సంపాదించి ఇవ్వగలిగితే చివరి గడిలో టిక్కు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఓ సాయంత్రం వచ్చి, రేడియో సొంతంగా తయారుచేసుకునే పుస్తకం ఉందా అని అడిగాను. లేదన్నారు. వెనక్కి తిరిగానో లేదో సొరుగు లాగిన చప్పుడు. నాలుగు నెలలయ్యాక, నేను ఆ మాటే మరిచిపోయాక, కాలవ వంతెన మీద సైకిల్ ఆపి “ఒరే, నీ రేడియో వచ్చిందిరా” అన్నారు. జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి తెప్పించారట. రేడియో మాత్రం పలకలేదు. అది పుస్తకం తప్పు కాదు.

మాస్టారు పోయాక వాళ్లబ్బాయి ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. ఒక్క రాత్రిలో చదివేశాను. మొదటి పేజీల్లో యువ దీపావళి సంచికలు, చందమామ బైండ్లు, టైపు పరీక్ష పుస్తకాలు, కొబ్బరి తెగుళ్ల మందులు. ఆ తర్వాత ఎంసెట్ మెటీరియల్. ఇంకొన్ని పేజీలు తిప్పితే ‘జిరాక్సు’. ఆ తర్వాత ‘ఇంటర్నెట్’, దాని పక్కన ప్రశ్నార్థకం. తర్వాత ‘హాల్‌టికెట్ తీసి ఇవ్వడం’, ‘ఫోను ఛార్జింగు’. ఒకచోట ‘వినే పుస్తకం – చూపు లేని అబ్బాయి.’ ఛార్జింగు అడిగినవాణ్ణీ భాగవతం అడిగినవాణ్ణీ ఆయన ఒకే కలంతో, ఒకే వరసలో రాసుకున్నారు. అదేం గ్రంథాలయం పనికాదని ఎక్కడా కొట్టేయలేదు.

ఈ చేతిరాతలో నాకు కనిపించేది పాతకాలపు సంప్రదాయమే. కొత్త సాధనాలొచ్చి గ్రంథాలయాలను కంగారు పెడుతున్నాయని ఇప్పుడంటున్నారు గానీ, మన గ్రంథాలయోద్యమం పుట్టిందే అంతకంటే పెద్ద చిక్కులో. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు కూడినప్పుడు, ఊళ్లలో నూటికి తొంభైమందికి పైగా చదవను రాదు. చదువు రానివాడికి గ్రంథాలయమెందుకు అని వాళ్లు ఊరుకోలేదు. అరుగు మీద కూచుని పేపరు పైకి చదివి వినిపించారు. రాత్రి బడులు పెట్టారు. ఇవాళ మనం ఆడియో పుస్తకం అని కొత్తగా పిలుచుకుంటున్నదాన్ని వాళ్లు పేరు పెట్టకుండానే నడిపారు. 1919 నవంబరు 14న మద్రాసులో మొదటి అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగితే, అధ్యక్షత వహించిన కుడాల్కర్ బరోడా సంస్థానపు గ్రంథాలయ శాఖాధికారి. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ణి రప్పించి కట్టించిన శాఖ అది. అందులో మేజిక్ లాంతరు పలకలకూ సినిమా యంత్రానికీ ప్రత్యేకంగా ఒక విభాగమే ఉండేది. మనం ఏటా నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలుపెట్టి దండలు వేస్తాం. ఆ సినిమా యంత్రం సంగతి మాత్రం ఏ ఏడూ ఎవరూ ఎత్తరు.

పడవ సంగతైతే ఈ డెల్టాలో చెప్పనక్కర్లేదు. అయినా చెబుతాను, వెనక వరసలో పిల్లలున్నారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం సేవాశ్రమవాణి గ్రంథాలయం తరఫున, కొల్లూరుకీ పెదవడ్లపూడికీ మధ్య కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపారు. అప్పుడు రోడ్లు తక్కువ. మనుషులూ ధాన్యమూ పడవల మీదే పోయేవి. పాఠకుడు ఎక్కడుంటే పుస్తకం అక్కడికి పోవాలని అనుకున్నాక, పాఠకుడు కాలవలో ఉంటే పుస్తకమూ కాలవలోకి దిగాల్సిందే. పుస్తకాలు తడిసిపోతాయని అడ్డుపడ్డ పెద్దమనిషి ఒకరైనా ఉండే ఉంటారు. ఆయన మనవళ్లను నేను ఇవాళ్టి కమిటీల్లో చూస్తున్నాను.

ఇక్కడ ఒక మాట మీద కాసేపు ఆగుతాను. ఆ రోజుల్లో చాలా గ్రంథాలయాలకు ‘పుస్తక భాండాగారం’ అని పేరు. బెజవాడ రామమోహన గ్రంథాలయం అసలు పేరు రామమోహన ధర్మ పుస్తక భాండాగారం. భాండాగారమంటే కొట్టు, దాచిపెట్టే చోటు. ఉద్యమం ముదిరేకొద్దీ ఆ మాట వెనకబడి ‘గ్రంథాలయం’ నిలిచింది. పేరే మారిందని నేననుకోను, పనీ మారింది. దాచేచోటు అందించేచోటయింది. నా దిగులేమిటంటే, కంప్యూటరు వచ్చాక మనం మళ్లీ భాండాగారానికి తిరిగి వెళ్లాం.

2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. ట్యూరింగ్ అవార్డు అందుకున్న, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారి పది లక్షల పుస్తకాల కల దాని వెనక ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ఐఐఐటీ పూనుకున్నాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అంటే 1891 నాటి ఆసఫియా, అందులోని పుస్తకాలూ స్కానరు కిందికి వెళ్లాయి. తెలుగు పుస్తకాలే వేల సంఖ్యలో. చెదలకు పోవాల్సినవి బతికాయి. చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కొన్నేళ్లకు ఆ సైటు మూతపడింది. అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన ప్రతులే ఇవాళ మనకు దిక్కు. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించి జాలంలో పెట్టింది. ఒకప్పుడు పాత సంచిక ఒకటి చూడాలంటే వేటపాలెం రైలెక్కి, 1918లో పుట్టిన సారస్వత నికేతనంలో పూటంతా దుమ్ము పీల్చాలి. ఆ దుమ్మంటే నాకు ఇష్టమే. కానీ పాఠకుడి సమయం వృథా చేయొద్దని గ్రంథాలయ శాస్త్రజ్ఞులు రంగనాథన్‌గారు 1931లోనే సూత్రం పెట్టారు, అందులో దుమ్ముకు మినహాయింపు లేదు.

మరి దిగులెందుకు? పుస్తకం ఉండడం వేరు, దొరకడం వేరు.

మూడేళ్ల కిందట నాకు ఆంధ్రదేశపు చేతివృత్తుల మీద ఒక పాత పుస్తకం కావలసి వచ్చింది. ఓ పెద్ద డిజిటల్ భాండాగారంలో ఉందని తెలుసు. తెలుగులో టైపు చేస్తే లేదంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, లేదంది. దీర్ఘానికి రెండు ‘ఎ’లు పెట్టి చూశాను. అరసున్నకు ఏం పెట్టారో, సున్నకు ‘ఎన్’ వాడారో ‘ఎమ్’ వాడారో అని ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయాను. పదకొండోసారి దొరికింది. ‘ఆంధ్ర’ అనే మాట మధ్యలో ఎవరో ఒక కొటేషన్ గుర్తు పొడిచి ఉంచారు. రచయిత గడిలో ‘లభ్యం కాదు’ అని ఉంది. తెరిచి చూద్దును గదా, ముఖపత్రం మీద స్కాన్ చేసినవారి బొటనవేలు పడింది. వేలికి రాగి ఉంగరం కూడా ఉంది. రచయిత పేరు ఆ వేలి కిందే ఉంది.

ఆ వేలి మనిషి మీద నాకు కోపం లేదు. పేజీకింత అని కూలి ఇచ్చి ఉంటారు. నా పేచీ వేరు: ఆ పుస్తకం పేరు రిజిస్టరులో ఎక్కించే చోట తెలుగు చదవగలిగిన గ్రంథపాలకుడు ఒక్కరూ లేరు. స్కానరుకు లక్షలు పెట్టాం. పుస్తకం పేరు సరిగ్గా రాసేవాడికి జీతం పెట్టలేదు. మాస్టారు క్యాటలాగు కార్డు రాసేటప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలతో రచయిత పేరు ఒక కార్డు, పుస్తకం పేరు ఒక కార్డు, విషయం ఒక కార్డు రాసేవారు. మూడు వైపుల నుంచి ఎటు వచ్చినా మనిషి ఆ పుస్తకం దగ్గరికి చేరాలి. ఆ మూడు దారులూ కంప్యూటర్లో లేకపోతే అది బీరువా తాళంచెవి కాలవలో పారేసినట్టే.

ఆ తాళంచెవిని వెతికి తీసింది ఎక్కువగా జీతం లేని జనమే. తెలుగు వికీపీడియా, వికీసోర్సు సభ్యులు కూర్చుని ఆ వంకర ఇంగ్లీషు పేర్లను తెలుగులోకి తిప్పి జాబితాలు కట్టారు. వికీసోర్సులో బొమ్మగా ఉన్న పేజీని అక్షరాలుగా మార్చి, ఒకరు దిద్దితే పేజీ గుర్తు పసుపు రంగుకు వస్తుంది, ఇంకొకరు సరిచూస్తే పచ్చరంగుకు. పసుపు నుంచి పచ్చకు మారడానికి ఎంత ఓపిక కావాలో దిద్దినవాళ్లకే తెలుసు. యంత్రం పాత అచ్చు చదివేటప్పుడు ‘ప’ను ‘వ’ అనుకుంటుంది, ‘మ’ను ‘య’ అనుకుంటుంది. తలకట్టు విరిగిన సీసపు అక్షరమైతే మరీను. అరసున్న కనిపిస్తే అదేదో ఈగ రెట్ట అనుకుని వదిలేస్తుంది, ఒక్కోసారి నిజంగా అది ఈగ రెట్టే.

పాతవాటి గొడవ ఇది. కొత్త పుస్తకాలు కంప్యూటర్లోనే పుడుతున్నాయి కదా, వాటికి ఏం బాధ అంటారు. ఇది కొంచెం ఓపికగా వినాలి. తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్‌లో చోటు వచ్చింది. కానీ మన డీటీపీ కేంద్రాలు దశాబ్దాలుగా అను ఫాంట్ల మీద నడిచాయి. అందులో కంప్యూటరుకు తెలిసేది ఇంగ్లీషు అక్షరం, పైకి కనిపించేది మాత్రం తెలుగు బొమ్మ. ‘అ’ అంటే తెలుగు వేషం వేసుకున్న ఏదో ఇంగ్లీషు గుర్తు. కాగితం మీదికి వచ్చేదాకా ఎవరికీ తేడా తెలియదు. అదే ఫైలు ఫోన్లో తెరిస్తే వేషం ఊడిపోయి పిచ్చిగీతలు మిగులుతాయి. పబ్లిషరు దగ్గర పుస్తకం మొత్తం ఫైలుగా ఉన్నా దాన్ని యూనికోడ్‌కు మార్చి, మార్పులో చెదిరిన వత్తులూ గుణింతాలూ సరిచేసి, మళ్లీ ప్రూఫు చూస్తే తప్ప అది ఈ-బుక్కు కాదు. ఆ ఖర్చుకు వెరచి పీడీఎఫ్ చేసి వదిలేస్తారు. పీడీఎఫ్ అంటే కాగితానికి ఫొటో. ఫోన్లో దాన్ని రెండు వేళ్లతో లాగి, కుడికీ ఎడమకీ తోసుకుంటూ చదవాలి. శుక్లాలున్న కళ్లకు అది చదువు కాదు, శిక్ష. 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు.

‘వినే పుస్తకం’ అడిగిన అబ్బాయి దగ్గరికి వస్తాను. ఫోను పుస్తకాన్ని పైకి చదవాలంటే లోపల నిజమైన అక్షరాలుండాలి. వేషం వేసుకున్నవీ ఫొటోలూ దానికి చదవను రావు. కాబట్టి ఫాంటు గొడవ డీటీపీవాళ్ల సొంత గొడవ కాదు, చూపు లేనివాడి హక్కు గొడవ. చట్టం మన పక్షానే ఉంది. 2012లో కాపీరైటు చట్టం సవరించి, వికలాంగులకు పనికొచ్చే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చన్నారు. 2014లో మర్రకేష్ ఒడంబడికను అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మనమే. 2016లో సుగమ్య పుస్తకాలయం వచ్చింది. అదే 2012 సవరణలో ఇంకో వాక్యం ఉంది: లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన దగ్గర అచ్చుప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. ఈ మాట నేను చాలాచోట్ల చెప్పాను. విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. స్కానరు కొన్నవాళ్లు మాత్రం కనిపించలేదు. గమనించండి, ఇక్కడా చట్టం ఇచ్చింది దాచుకునే హక్కే. ఊరందరికీ పంచే హక్కు వేరే సంపాదించుకోవాలి.

పంచడం దగ్గరే అసలు ముడి. అచ్చుపుస్తకాన్ని గ్రంథాలయం ఒకసారి కొంటే అది దానిది. అట్ట ఊడేదాకా, బైండు చేయించి మళ్లీ ఊడేదాకా ఇస్తూనే ఉండొచ్చు. ఈ-బుక్కు అలా కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు గ్రంథాలయం కార్డు నంబరు కొట్టి ఫోన్లోకి పుస్తకం దించుకుంటారు, గడువు తీరగానే దానంతటదే మాయమవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వెనక లెక్క వేరు. 2011లో హార్పర్‌కాలిన్స్ సంస్థ తన ఈ-బుక్కు ఒకటి గ్రంథాలయం 26 సార్లు ఇచ్చాక మళ్లీ కొనుక్కోవాల్సిందేనంది. అంతకు రెండేళ్ల ముందు, 2009లో, హక్కుల తగాదా వచ్చి జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ను అమెజాన్ పాఠకుల కిండిళ్లలోంచి రాత్రికి రాత్రి తీసేసింది. డబ్బులు వాపసు ఇచ్చిందనుకోండి. మాస్టారు డ్యూడేట్ దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి అరుగు మీద కూచునేవారు, మజ్జిగ తాగేవారు, పుస్తకం మాట చివర్లో ఎత్తేవారు. అటక ఎక్కి పుస్తకం లాక్కురావడం మాత్రం ఎన్నడూ చేయలేదు.

మన దగ్గర ఈ లైసెన్సుల పేచీ ఇంకా మొదలే కాలేదు, ఎందుకంటే నాకు తెలిసినంతలో గ్రంథాలయానికి తెలుగు ఈ-బుక్కు అమ్మే ఏర్పాటే లేదు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, ఒకటి మద్రాసు కన్నెమరాకు, ఇంకా రెండుచోట్లకు పంపాలి. అది అచ్చుకు రాసిన చట్టం. ఫోనులోనే పుట్టి, యాప్‌లోనే వారం వారం నడిచి, ఆ యాప్ మూతపడగానే పోయే తెలుగు సీరియల్‌ను ఎవరు దాస్తున్నారు? 1924 నాటి భారతి మొదటి సంచిక నేను ఇవాళ చదవగలను. పదేళ్ల కిందటి వెబ్ పత్రికలో నేనే రాసిన వ్యాసం నాకే దొరకడం లేదు.

డబ్బు మాట క్లుప్తంగా. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీరు కడుతున్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థల నుంచి అది గ్రంథాలయ సంస్థలకు ఎప్పుడు చేరుతుందో, ఎంత చేరుతుందో వేదిక మీద ఉన్న పెద్దలకు నాకంటే బాగా తెలుసు. వాళ్ల మొహాలు చూసి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు ఈ హాల్లోకి రండి. పొద్దున తొమ్మిదింటికి వచ్చి చూడండి. హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయంలో ఎలాగో ఇక్కడా అంతే. గ్రూప్స్‌కీ కానిస్టేబుల్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు. బీరువాలవైపు చూడరు. సొంత పుస్తకాలు, సొంత నీళ్ల సీసా, కొందరు సొంత దిండు కూడా. ఫోన్లో టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్. ప్లగ్గు దగ్గర సీటు కోసం తెల్లారగట్ల వచ్చి కర్చీఫు వేసి వెళ్తారు. వీళ్లు పాఠకులే కారని, గ్రంథాలయాన్ని సత్రం చేశారని మా తరంవాళ్లం గొణుగుతాం. నేనూ గొణిగాను. మాస్టారు నోటుబుక్కులో ‘ఫోను ఛార్జింగు’ పక్కన టిక్కు చూశాక ఆపేశాను. అదెలా పెట్టగలిగారో కనుక్కున్నాను. మేనల్లుడు ఎలక్ట్రీషియను. ఓ ఆదివారం వాణ్ణి పిలిచి, తన డబ్బుతో గోడవార ఆరు ప్లగ్గులు పెట్టించారు. అనుమతి తీసుకున్నట్టు కాగితమేదీ లేదు. ఆ ప్లగ్గుల దగ్గర కూచుని చదివిన అమ్మాయి ఒకరు ఇవాళ సభకు వచ్చారు, ఉద్యోగంలో ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు.

అలాగని ప్లగ్గు పెడితే గ్రంథాలయం అయిపోదు. ఆ పిల్లలు ఫోన్లో చదివే పీడీఎఫ్ ఎవరు రాశారో, అందులో ఎన్ని తప్పులున్నాయో అడిగేవాళ్లు లేరు. అదే ప్రశ్నకు రెండు పీడీఎఫ్‌లలో రెండు జవాబులుంటే ఏది నమ్మాలి? అసలు ప్రభుత్వ గెజిట్ ఎక్కడ దొరుకుతుందో, జనాభా లెక్కల సైటులో పట్టిక ఎలా తెరవాలో పక్కన కూచుని చూపించే మనిషి కావాలి. ఆ మనిషి పేరే లైబ్రేరియన్. ఇప్పుడు ఈ శాఖ చూసే అమ్మాయికి ఇదొక్కటే కాదు, మరో రెండు శాఖలు ఇన్‌చార్జి. వారంలో రెండు రోజులు ఇక్కడ. మిగతా రోజులు వాచ్‌మన్ తాళం తీస్తాడు, పేపర్లు పరుస్తాడు. ఎవరైనా ఏదైనా అడిగితే “మేడం వచ్చినప్పుడు రండి” అంటాడు.

నోటుబుక్కు చివరి పేజీతో ముగిస్తాను. రిటైరయ్యాక కూడా మాస్టారు రోజూ వచ్చేవారు, తెలుసు కదా. చివర్లో కంటిచూపు తగ్గింది. ఆ పేజీలో అక్షరాలు గీతల మీద నిలవకుండా కిందికి జారాయి. అడిగినది: ‘పెద్దక్షరాల భాగవతం – ఫోన్లో అక్షరం పెంచుకుని చదివేది.’ అడిగినవారు: ‘నేను.’ చివరి గడి ఖాళీ.

నిన్న సాయంత్రం సభ ఏర్పాట్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు ఇప్పటి లైబ్రేరియన్‌కు ఇచ్చాను. ఆమె తిరగేస్తుండగానే ఏడో తరగతి పాప ఒకతె వచ్చింది. చేతిలో పాత లాంగ్ నోట్సు, అంచులు నూనె మరకలు. వాళ్ల నాయనమ్మ రాసుకున్న పెళ్లిపాటలట. అప్పగింతలవీ బంతులాటవీ, నూటికి పైగా ఉన్నాయంది. “వీటిని ఫోన్లోకి ఎక్కిస్తారా ఆంటీ? వెతికితే దొరికేట్టు” అని అడిగింది. ఇక్కడ స్కానరు లేదని చెప్పింది ఆమె. నోట్సు ఇక్కడ పెట్టి వెళ్తావా అంటే పాప ఇవ్వనంది. స్కానరు ఎప్పుడు వస్తే అప్పుడు మళ్లీ తెస్తానని వెళ్లిపోయింది.

పాప మెట్లు దిగేలోపే సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. మాస్టారి ‘నేను’ కింద ఆమె గీత కొట్టి, తేదీ వేసి, ‘పెళ్లిపాటలు – స్కానరు, టైపు’ అని రాసింది.